తోకలేని సింహం

చెంచులు తేనెకు దిగే తీగతాడు పట్టుకుని మౌనాచారి నల్లమల కొండచరియలోని గుహలోకి జారాడు. వెనకే దారి చూపే చెంచు గురవడు దిగాడు. పైన తాడు పట్టుకున్నది మౌనాచారి బావమరిది కాళాచారి.

“మాలో తాడు బామ్మర్దే పట్టాల సామీ. అక్క మొగుణ్ణి వదల్డు గదా,” అన్నాడు గురవడు.

నెల కిందట ఈ గుహలో దొరికాయంటూ కాళాచారి మూడు పాత రాగినాణేలు తెచ్చాడు. చింతపండేసి అరిగేదాకా తోమినవి. ఒక్కోదాని మీద రాజముద్ర పైనే మళ్లీ కొట్టిన చిన్న సింహం. ఎవరో పాలెగాడు తన సొమ్మని గుర్తుకు కొట్టించాడనీ, నిధి లోపలే ఉందనీ చెప్పాడు. చోటు చూపినందుకు మౌనాచారి తన కంసాలి అంగడి రాసివ్వాలి. నాణేలు బయటపడగానే కాగితం చేతులు మారాలి. సంతకం చేసిన కాగితం మౌనాచారి జేబులో ఉంది.

గబ్బిలాల పెంట మీద మెటల్ డిటెక్టర్ కీచుమంది. గురవడు తవ్వాడు. గుప్పెడు నాణేలు బయటపడ్డాయి.

“దొరికినాయా బావా? కాగితం తాడుకు కట్టు,” పైనుంచి కేక.

మౌనాచారి అలవాటుకొద్దీ భూతద్దం కంటికి బిగించాడు. నాణెమంతా నల్లగా కిలుం పట్టి ఉంది. సింహం గీతల్లో మాత్రం రాగి నిన్న కొట్టినట్టు ఎర్రగా మెరుస్తోంది. సింహానికి తోక లేదు.

తోక విరిగిన ఆ సింహం ముద్ర కొట్టే ఉలి మౌనాచారి నాయనది. రెండేళ్ల కిందట అంగట్లో మాయమైంది. తమ్ముడు ఓబులాచారే అమ్ముకున్నాడని, నలుగురిలో చెంప పగలగొట్టి వెళ్లగొట్టాడు తను.

“కాళా... నాయన ఉలి నీకాడుందా?”

తాడు సరసరా పైకి పోయింది.

“కాగితం రాయికి చుట్టి ఇసురు బావా, తాడేస్తా. లేకుంటే ఆణ్నే పాలెగాడి కొలువు జెయ్.”

“బామ్మర్ది తాడు లాగినాడే,” అన్నాడు గురవడు రెండుసార్లు. తాతల కాలంనుంచీ వాళ్ల గూడెంలో ఎవడూ చెయ్యని పని అది. ఆపై ముక్కు ఎగబీల్చాడు. “ఎలుగు కంపు. గాలొస్తాంది. పా, పండుకుని పాకు.”

మోచేతులు చీరుకుపోతుంటే, నెత్తిన రాళ్లు రాలుతుంటే, ఎలుగు బొరియలో పాకి పాకి ఇద్దరూ కొండ పైన తుప్పల్లోకి తేలారు. ఎదురుగా కాళాచారి బోర్లా పడుకుని ఇంకా గుహలోకే తొంగి చూస్తున్నాడు.

గురవడు తాడు మీద కాలు పెట్టాడు. “ఇది నీ చేతికిచ్చింది నేను. ఇటియ్యి.”

కాళాచారి తాడు వదిలేశాడు. మౌనాచారి కొట్టలేదు. చెయ్యి చాపాడు. “ఉలి.”

సంచీలోంచి ఉలి వచ్చింది. నాణేల్ని గుహలోకే జారవిడిచి, కాగితం చించేశాడు మౌనాచారి.

“గిద్దలూరు బస్సు ఎన్నింటికి గురవా?”

“ఆడెవరున్నారు సామీ?”

“తమ్ముడు. ఈసారి చెంప నేను చూపించాల.”