రాకెట్టు ఫోటోలో కదలని మనిషి

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దుకున్నది మా ఆయన పోయిన తరువాత. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి. నా చెయ్యి నెమ్మది. కథ మాత్రం నెమ్మది కాదు.

*

"ఈ ఫోటో దేశం దాటితే మనం సర్దుకుని ఇంటికి పోవచ్చు" అన్నారు పట్టాభిరామయ్య.

ఆయన ఇంటెలిజెన్స్‌లో సీనియర్ ఆఫీసర్. ఎదురుగా కూర్చున్న తిరుపతి ఆయన నమ్మిన ఏజెంటు. ఇద్దరూ ఉన్నది టెలిఫోన్ కేబుళ్ల వాళ్ల వ్యానులా కనిపించే ఒక డొక్కు వ్యానులో. అది నిలబడింది హైటెక్ సిటీలో కొత్తగా లేచిన గుండ్రటి భవనం పక్కన. అది తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం.

తిరుపతి ఫోటో అందుకున్నాడు. రాత్రి ఆకాశం. సముద్రపు ఒడ్డు నుంచి ఒక వెలుగు గీత లేచి, కొడవలిలా వంగి, నక్షత్రాల్లోకి పోయింది. కింద సరుగుడు చెట్లు, ఇసుకలో బెస్తవాళ్ల గుంపు.

కిందటి వారం తూర్పు తీరంలో మన రాకెట్టు పరీక్ష జరిగింది. ఎవరికీ చెప్పకుండా, చీకట్లో చేశారు. అయినా ఒకడు సరుగుడు తోపులో కెమెరా పెట్టి, షట్టర్ అరనిమిషం తెరిచి ఉంచి ఈ బొమ్మ తీశాడు. ఆ గీత వంపును నక్షత్రాలతో పోల్చి కొలిస్తే రాకెట్టు ఎంత దూరం పోగలదో, ఎక్కడ పడగలదో లెక్క కట్టవచ్చు. కొలవడానికి నెగెటివ్ కావాలి. ఆ నెగెటివ్ ఇప్పుడు ఈ భవనంలోనే ఉంది. ఏడో అంతస్తులో ఆర్బిట్ సాఫ్ట్ అనే బోర్డు పెట్టుకుని ఒక విదేశీ ముఠా నడుస్తోంది. నాలుగు గంటలకు వాళ్లకు శాటిలైట్ లైను దొరుకుతుంది. నెగెటివ్‌ను స్కాన్ చేసి పంపేస్తారు.

"ఈ సమాచారం ఎవరిచ్చారు సార్?"

"దేవిశ్రీ."

తిరుపతి తల ఊపాడు. దేవిశ్రీ ఆర్బిట్ సాఫ్ట్‌లో మార్కెటింగ్ మేనేజరు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. ఆమె మాత్రం రెండేళ్లుగా వాళ్ల కబుర్లు మనకు చేరవేస్తోంది. నల్ల కళ్లద్దాలు, చెవులకు ముత్యాలు, ఆమె లిఫ్టు దిగి పోయాక కూడా లిఫ్టులో ఉండిపోయే అత్తరు. నెగెటివ్ నిజంగా ఉందని రుజువు కావాలని పట్టాభిరామయ్య పట్టుబడితే, ప్రాణానికి తెగించి ఈ ప్రింటు తెచ్చిచ్చింది.

పథకం సులువైనదే. తిరుపతి సెక్యూరిటీ గార్డు వేషంలో కింద గేటు దగ్గర ఉంటాడు. లైను తెరుచుకోగానే దేవిశ్రీ కిందికొచ్చి "ఏసీ పనిచెయ్యట్లేదండి" అంటుంది. అదే కోడ్. అంటే పైన తలుపు తెరిచి ఉందని. అప్పుడు తిరుపతి, మెట్ల దగ్గర దాగున్న మిగతా మనుషులు అంతా పైకి పరుగెత్తాలి.

"అంతా పైకి పోతే గేటు దగ్గర ఎవరుంటారు సార్?"

"గేటుతో మనకేం పనయ్యా, దొంగలు పైనుంటే" అన్నారు పట్టాభిరామయ్య.

*

గేటు దగ్గర అసలు గార్డు పేరు మొగిలి. అక్కడి ఊరివాడే. కొత్తగా వచ్చిన తిరుపతికి టీ ఇప్పించి, ఏ మేడం నవ్వుతుందో, ఏ సారు నమస్తే పెట్టినా చూడడో అన్నీ వరుసగా చెప్పుకొచ్చాడు. తిరుపతి ఊకొడుతూ గడియారం చూసుకుంటున్నాడు. చొక్కా గుండీలో మైక్రోఫోను, చెవిలో వడ్లగింజంత స్పీకరు.

ఎదుటి స్థలంలో ఇంకో భవనం కోసం బండలు పేలుస్తున్నారు. కాంట్రాక్టరు మనిషి ఎర్రజెండా ఊపి, ఈల వేశాడు. రోజూ జరిగేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అంతలో నేల అదిరింది. మొగిలి చేతిలో టీ చొక్కా మీద ఒలికింది. మెట్ల మీద నిలబడ్డ కుర్రాళ్లు మెడలు ముడుచుకున్నారు. తిరుపతి కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఈల ఇనబడ్డది గదనే" అన్నాడు తిరుపతి నవ్వుతూ.

మొగిలి చొక్కా దులుపుకున్నాడు. "ఇనబడితే ఏంది తమ్మీ? చెవులకు ఎరికైతది, పానానికి ఎరికైతదా? గంత మోతకు కదలనోడు మనిషి గాదు, బండ."

తిరుపతి నవ్వు ఆగిపోయింది.

టోపీలో దాచిన ఫోటో తీసి చూశాడు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కదిలిన మనిషి బొమ్మలో పొగలా చెదిరిపోతాడు. బెస్తవాళ్లంతా అలాగే ఉన్నారు, ఒకరిలోకి ఒకరు కలిసిపోయి. రాకెట్టు మోతకు కదలకుండా ఎవరుంటారు? కానీ ఎడమ పక్కన, మంట వెలుగుకు అడ్డంగా, ఒక్క మనిషి కత్తిరించిన నల్ల కాగితంలా నిలబడి ఉంది. ముఖం లేదు. వట్టి ఆకారం. తల ఒక పక్కకు వాలి, ఒక చెయ్యి వెనక నుంచి రెండో మోచేతిని పట్టుకుంటే, చేతికీ నడుముకూ మధ్య మూడుమూలల సందులో వెలుగు కనిపిస్తోంది.

షట్టర్ తెరిచి ఉందని ఆ మనిషికి ముందే తెలుసు. కదలొద్దని చెబితే కదలలేదు. ఎందుకు? ఎత్తు తెలిసిన మనిషి బొమ్మలో ఉంటే, ఆ మనిషిని పట్టి మిగతావన్నీ కొలవచ్చు.

లిఫ్టు తెరుచుకుంది. దేవిశ్రీ వచ్చింది. ముందు ఇద్దరు కుర్రాళ్లు మొగిలికి కార్డులు చూపిస్తుంటే తన వంతు కోసం ఆగింది. తల ఒక పక్కకు వాల్చి, వెనక నుంచి మోచేతిని పట్టుకుని.

రాకెట్టు ఎగిరిన రాత్రి బేగంపేటలో ఆఫీసు పార్టీలో ఉన్నానని ఆమె చెప్పింది.

"ఏసీ పనిచెయ్యట్లేదండి" అంది దేవిశ్రీ మెల్లగా.

మెట్ల మీద బూట్ల చప్పుడు. మన వాళ్లంతా పైకి పరుగెత్తుతున్నారు. బయట తెల్ల ఎస్టీం కారు ఇంజను ఆగకుండా నడుస్తోంది.

తిరుపతి కదలలేదు. పొరపాటు పడితే పైన ఫోటో వెళ్లిపోతుంది. చేతిలో ఉన్నది ఒక నల్లటి ఆకారం, అంతే.

"తిరుపతీ, ఏం చేస్తున్నావయ్యా?" చెవిలో పట్టాభిరామయ్య గొంతు. "పైకి వెళ్లు. లైను తెరుచుకుంది."

తిరుపతి చెయ్యి అడ్డం పెట్టాడు. "కార్డు చూపియ్యుండ్రి మేడం."

ఆమె నవ్వింది. "నన్నేనా అడిగేది? రోజూ చూసే కార్డే కదండీ."

"రోజు చూస్తున్నం గనకనే ఎవ్వలం సరిగ్గ చూడలే."

ఆమె మెడలో టేపుకు వేలాడుతున్న కార్డు ప్లాస్టిక్ తొడుగును అరచేత్తో మూసుకుంది. తిరుపతి ఆ టేపు పట్టుకున్నాడు. రెండో చేతిలోని అత్తరు సీసా బుస్సుమంది. తిరుపతి కళ్లల్లో కారం కొట్టినట్టయింది. లోకం చీకటైపోయింది. అయినా పట్టుకున్న టేపు వదల్లేదు. అది పుటుక్కున తెగింది. గేటు వైపు హైహీల్స్ చప్పుడు పరుగుతీసింది.

"మొగిలన్నా, అడ్డుకర్ర దించు!"

మొగిలి ఎందుకని అడగలేదు. దాన్ని ఎత్తి పట్టిన తాడు వదిలాడు. ఆమె ఎక్కగానే కదిలిన ఎస్టీం కారు అద్దం మీద అడ్డుకర్ర దభాలున పడింది. కారు ఆగింది.

చెవిలో పట్టాభిరామయ్య గొంతు నీరసంగా వచ్చింది. "తిరుపతీ, పైన మనుషులెవరూ లేరటయ్యా. కంప్యూటరు ఏదో పంపుతోందట. ఎవరిదో పుట్టినరోజు కేకు బొమ్మ."

తిరుపతికి కళ్లు తెరుచుకోవడం లేదు. తడుముకుంటూ తొడుగులోంచి కార్డు లాగాడు. దాని వెనక ఇంకేదో పల్చగా, జారుడుగా వేలికి తగిలింది. అంచులు పట్టి తీసి ముందుకు చాపాడు.

"అన్నా, ఎండకు పట్టి చూడు. ఏమున్నది దాంట్ల?"

"అంత తెల్లగున్నది తమ్మీ." మొగిలి గొంతు తడబడింది. "నడుమ నల్లగ గీత, కొడవలి లెక్క వంగింది. కింద పొగ పొగ. ఒక్కలే తెల్లగ, మంచిగ నిలబడ్డరు. ఎవరో తెలుస్తలేదు."

"నాకు తెలిసింది తియ్యి" అన్నాడు తిరుపతి, మెట్ల మీద కూలబడుతూ.

*

మొగిలి కుండలోని నీళ్లు సగం తిరుపతి కళ్లకే అయిపోయాయి. చూపు వచ్చేసరికి దేవిశ్రీ చేతులకు బేడీలున్నాయి. పట్టాభిరామయ్య ఆమె వైపు చూడలేక నెగెటివ్‌ను చేతిరుమాల్లో చుడుతున్నారు. మన వాళ్లందరినీ తన మాటతోనే పైకి పంపి, ఎవరూ సోదా చెయ్యని మనిషిగా ఆమె నడిచిపోబోయింది.

"ప్రింటులో ముఖం లేదని చూసుకునే ఇచ్చానండి" అంది దేవిశ్రీ. "ఎలా పట్టుకున్నారు?"

"గంత మోతకు అందరు ఉరికిండ్రు మేడం" అన్నాడు తిరుపతి. "ఫోటో మంచిగ రావాలని ఆరాటపడ్డది మీరొక్కలే."

ఆమెను జీపు ఎక్కించారు. జీపు కదిలింది. అంతలో మొగిలి రిజిస్టరు చంకన పెట్టుకుని వెనకే ఉరికాడు.

"జర ఆపుండ్రి సార్! మేడం ఔట్ టైమ్ రాయలేదు."

*

భాగ్యమ్మ, అరవై ఏడేళ్లు, ప్రస్తుతం నార్సింగిలో ఉంటున్నాను.