థార్న్‌లీ బడిలో మూడో పిలుపు

అసురసంధ్య! 2011 నవంబరు అమావాస్య... సాయంత్రం నాలుగున్నరకే పెన్సిల్వేనియా కొండల్ని కాటుక చీకటి కమ్మేసింది. ఓ పక్క మంచు కురుస్తుంటే మరో పక్క ఉరుములు! బడి గంట గోపురం మీద గుడ్లగూబ ఒకటి వికృతంగా కూస్తోంది.

ప్లెయిన్స్‌బరోలోని ఇంటి నుంచి ఒక్క బిగిన డ్రైవ్ చేసి వచ్చిన విద్య, థార్న్‌లీ బోర్డింగ్ స్కూల్ గేటు ముందు కారు ఆపింది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఓ దొర తన దేశపు పల్లె బడుల తీరులోనే 1911లో కట్టించిన చిన్న బడి అది. శతాబ్ది ఉత్సవాలకు దాని చరిత్రను వెబ్‌సైట్‌లో పెట్టే పని విద్యే మీదేసుకుంది. టైప్ చేస్తుంటే మధ్యాహ్నం ఆమె గుండె జారిపోయింది. 1936లో బడి మూతపడబోయింది; సెలవుల్లో ఒంటరిగా మిగిలిన ఓ పిల్లవాడు జ్వరంతో పోయాడు; బడి నిలబడింది. 1961లో అదే కథ. 1986లోనూ అదే!

ఇప్పుడూ బడి మూతపడబోతోంది. థాంక్స్‌గివింగ్ సెలవులకు పిల్లలందరూ ఇళ్లకు పోగా మిగిలింది ఆమె తొమ్మిదేళ్ల కూతురు దేదీప్య ఒక్కతే. "ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది, సోమవారం వస్తా బంగారం" అని చెప్పింది తనే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

దారిలో, ఉద్యోగం కోసం శాంటా క్లారాలో ఉంటున్న భర్త జగదీష్‌కి ఫోన్ చేస్తే, "హిస్టరీ బుక్ చదివి భయమేసిందని పోలీస్‌కి కాల్ చేస్తావా విద్యా?" అన్నాడు.

బడి మొత్తంలో వెలుగున్నది ప్రార్థన మందిరంలోనే. తలుపు తోసింది... కపాలం! దాని కంటి గుంతల్లో వెలుగుతున్న మైనపు వత్తులు! నేల మీద రక్తవర్ణపు మండలం. దాని మధ్య యూనిఫాంలో దేదీప్య, కనుగుడ్లు తేలేసి, కొయ్యబారి నిలబడి ఉంది. ఎదురుగా హెడ్మాస్టర్ హార్గ్రేవ్, చేతిలో హాజరుపట్టీ.

పరుగెత్తబోయిన విద్య కాళ్లు గీత దగ్గరే బిగుసుకుపోయాయి.

"హాజరు పిలుస్తున్నాను, మేడమ్," అన్నాడు హార్గ్రేవ్ మర్యాదగా. "మూడో పిలుపుకు పలికిన ప్రాణం నా బడిది."

పట్టీలోకి చూసి పిలిచాడు. "గండికోటా..."

విద్య ఉలిక్కిపడింది. అది ఇంటిపేరు! రెండేళ్ల క్రితం అడ్మిషన్ ఫారంలో, మనవైపు అలవాటు చొప్పున ఇంటిపేరు ముందు రాసేసింది. అప్పటినుంచి బడిలో పిల్ల పేరే గండికోట అయిపోయింది. దిద్దించాలనుకుంటూనే బద్ధకించింది.

"గండికోటా..." రెండో పిలుపు! గోడలు కంపించాయి. దేదీప్య పెదవి కదల్లేదు. హార్గ్రేవ్ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది నీ కూతురి పేరేనా?"

విద్యకు జగదీష్ నాయనమ్మ నాగమల్లేశ్వరి గుర్తొచ్చింది. వీధి గుమ్మంలోంచి ఎవరైనా ఇంటిపేరు పెట్టి పిలిస్తే బతికున్నన్నాళ్లూ విరుచుకుపడేదామె. "ఇంటిపేరు పిలిస్తే ఇంటిల్లిపాదీ లేస్తారు, పోయినవాళ్లతో సహా" అనేది. అప్పుడు విద్య చాటుగా నవ్వుకుంది. ఇప్పుడు నిజం చెబితే వాడు అసలు పేరు పిలుస్తాడు. అబద్ధం చెబితే... బిడ్డ ప్రాణం ఆ ముసలామె మాట మీద వేలాడుతుంది.

"అదే పేరు," అంది. "పిలవండి."

"గండికోటా...!"

"వచ్చాం."

ఒక గొంతు కాదు... వంద గొంతులు! వెనక బెంచీలన్నీ కిర్రుమన్నాయి. తలపాగాలు, ముదురు రంగు చీరలు, పేర్లు మరిచిపోయిన తాతలు, పురిట్లో పోయిన తల్లులు... తరతరాల గండికోట వంశం లేచి నిలబడింది! అందరికన్నా ముందు నడిచొచ్చింది నాగమల్లేశ్వరి. హార్గ్రేవ్ చేతిలోంచి పట్టీ లాక్కుని, వాడి పేరు మూడుసార్లు పిలిచింది.

పలకకూడదని వాడు రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. మూడో పిలుపుకు నోరు దానంతటదే తెరుచుకుంది. "హాజరు..." అంటూనే కాళ్ల నుంచి బూడిదై రాలిపోయాడు! కపాలం ఫెళ్లున పగిలింది. అందులోంచి ముగ్గురు పిల్లల నవ్వు వినిపించి, తలుపు దాటి మంచులోకి పోయింది.

దేదీప్య తల్లి ఒళ్లో వాలిపోయింది. "మమ్మీ... ఇంటికి గో చేద్దాం."

విద్య తలెత్తి దండం పెట్టబోయింది. నాగమల్లేశ్వరి కళ్లలో కరుణ లేదు.

"వాడికి దొరికింది ఒంటరి పిల్ల," అంది ముసలామె. "ఒంటరిగా వదిలిందెవరే?"

విద్య బిడ్డను ఎత్తుకుని కారు వైపు నడిచింది. వెనక మంచులో వంద జతల అడుగులు ఆమె వెంటే వస్తున్నాయి.