వయ్యారిభామ బాట

"సాయంత్రం దాంక టైమిస్తున్న. ఎవరు చేసిండ్రో తేలితే నీ కాగితం మీద సంతకం పెడత. తేలకపోతే మీ కాలేజీకి ఫోన్ చేస్త."

తోట యజమాని జనార్దన్ ఆ మాట అని ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకున్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఎస్తేర్‌కి కాస్త ధైర్యంగా ఉండేది.

ప్లాస్టిక్ షీట్లు కప్పిన రెండో పాలీహౌస్ షెడ్డు నిండా జర్బెరా పూలు తలలు వేలాడేసి ఉన్నాయి. వాడిపోలేదు, మెలి తిరిగాయి. నిటారుగా నిలబడాల్సిన కాడలు కొక్కేల్లా వంగాయి. ఆకులు చాపల్లా చుట్టుకుపోయాయి. ఆదివారం ఒక పెళ్లి మండపానికి పోవాల్సిన పూలు అవి. శుక్రవారం పొద్దున చూస్తే ఒక్కటీ కోతకు పనికిరాదు.

సోమవారం ఆ షెడ్డులో పురుగు మందు కొట్టింది ఎస్తేర్. ఆ తర్వాత పంపు పట్టుకుని లోపలికి వెళ్లినవాళ్లు లేరు. మందు కొలత తప్పిందని జనార్దన్ అనుమానం. చదువుకునే పిల్లల చేతికి తోట ఇస్తే ఇంతేనని ఆయన పనివాళ్ల ముందే అన్నాడు. కొలత తప్పలేదని ఆమె రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పే ఓపిక లేకపోయింది.

ఆమెది చేవెళ్ల. హార్టికల్చర్ డిప్లొమా చివరి సెమిస్టర్. ఎంకపల్లిలోని ఈ పూలతోటలో ఇంటర్న్‌షిప్ పూర్తయిందని యజమాని సంతకం పెడితేనే డిప్లొమా చేతికొస్తుంది. లేకపోతే ఇంకో ఏడాది. అజీజ్‌నగర్‌లో ఎవరిదో ఫామ్‌హౌస్‌కి వాచ్‌మన్‌గా ఉంటున్న నాన్నతో 'ఇంకో ఏడాది' అనే మాట ఎలా చెప్పాలో ఆమెకు తెలియదు.

చీకటితో లేవడం, మొయినాబాద్ దాకా బస్సులో నిలబడి రావడం, అక్కడి నుంచి షేర్ ఆటో, ఆటో దిగాక అమ్ముడుపోని ప్లాట్ల మధ్య కాలిబాట. వానాకాలమంతా ఇదే. ఇప్పుడు ఆమె ఒంట్లో ఒకటే కోరిక మిగిలింది. సర్టిఫికెట్ వచ్చిన రోజు దాన్ని దిండు కింద పెట్టుకుని మధ్యాహ్నం దాకా పడుకోవాలి.

"ఇది మర్డర్ కేసు," అన్నాడు శ్రవణ్.

జనార్దన్ కొడుకు. ఈ పాలీహౌస్‌లు అతని పట్టుదల. పక్కనున్న రిసార్టు వాళ్లకు భూమి కిరాయికి ఇచ్చేద్దామని తండ్రి అంటే, ఒక్క సీజన్ చూడమని బతిమాలి పూలు పెట్టించాడు. అంటే ఈ రోజు మునిగింది అతను కూడా. కానీ మునిగిన మనిషిలా లేడు. చచ్చిన పూవొకటి చేతిలో తిప్పుతూ కళ్లు చిన్నవి చేసి చూస్తున్నాడు.

"మోటివ్ ఎవరికున్నదో చూడాలె."

"సార్, నాకు నిద్రొస్తున్నది."

"మళ్ల సార్. పేరు పెట్టి పిలువమని ఎన్నిసార్లు చెప్పిన?"

"సంతకమైనంక ఆలోచిస్త."

ఇది పాత గొడవ. మొదటి రోజు గేటు దగ్గర మట్టి చేతులతో కనిపిస్తే, పనివాడనుకుని "అన్నా, ఆ ఎరువు బస్తా జర ఎత్తు" అంది. అతను కిక్కురుమనకుండా మూడు బస్తాలు ఎత్తాక తెలిసింది, యజమాని కొడుకని. ఆ క్షణం నుంచి 'సార్' అయిపోయాడు. అన్న కంటే సార్ నయమే, పేరైతే ఇంకా నయమని అతను అంటూనే ఉన్నాడు. ఆమె వినిపించుకోనట్టు పని చేసుకుపోతూనే ఉంది. వినిపించుకుంటే ఇంకేవేవో వినాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

అతని మొదటి అనుమానం రిసార్టు వాళ్ల మీద పడింది. రాత్రి ఎవరైనా దూరారేమోనని షెడ్డు చుట్టూ తిరిగి, బురదలో ఒక చెప్పు అచ్చు పట్టుకున్నాడు. కాసేపటికి అది తన చెప్పేనని తేలింది. రెండో అనుమానం మందు మీద. పాత సీసా శనివారం అయిపోయింది. దానితో కొట్టిన మొదటి షెడ్డు పూలు నవ్వుతున్నాయి. సోమవారం చేవెళ్ల షాపు నుంచి తెచ్చిన కొత్త సీసా విప్పారు. అదే నకిలీది అయ్యుండాలి.

"బండెక్కు. షాపుకు పోదాం."

"నేనెందుకు సార్?"

"నిందితురాలివి గదా. పారిపోకుంట నా దగ్గరనే ఉండాలె."

నవ్వాలో ఏడవాలో తెలియక ఎస్తేర్ చున్నీ తలకు చుట్టుకుంది. పూలు కోసే అంతమ్మ ఆమె చేతికి గొడుగు ఇస్తూ, ఫికర్ చెయ్యొద్దని వీపు నిమిరింది.

"దేవుడున్నడు బిడ్డా. ఒక్కటన్న మంచిగైంది సూడు, నీ తుమ్ములు తగ్గినయి. పోయిన వారం షెడ్డంత దద్దరిల్లేది."

నిజమే. ఆమె నడిచొచ్చే కాలిబాటంతా నడుము ఎత్తున వయ్యారిభామ కలుపు మొక్కలు. తెల్లటి చిన్న పూలు, దుమ్ములాంటి పుప్పొడి. రోజూ వాటిని రాసుకుంటూ వస్తే ముక్కు దిబ్బడ, కళ్ల మంట. సోమవారమైతే వాసనే తెలియనంతగా ముక్కు మూసుకుపోయింది. ఈ రెండు రోజులుగా ఎందుకో తెరిపిగా ఉంది. ఎందుకని ఆలోచించే తీరిక ఆమెకు లేకపోయింది.

దారిలో సన్నటి వాన పట్టుకుంది. శ్రవణ్ తన రెయిన్ కోటు విప్పి ఆమెకిచ్చాడు. తడుస్తారు సార్ అంటే, పోలీసులు తడుస్తూనే దర్యాప్తు చేస్తారన్నాడు. అద్దంలో ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. మళ్లీ తిప్పి చూసేసరికి అతను ఇంకా అద్దంలోనే ఉన్నాడు.

"రోడ్డు చూడుండ్రి సార్. నిందితురాలు ఎటూ పోదు."

షాపులో ఆశలన్నీ ఆవిరయ్యాయి. అదే పెట్టెలోని సీసాలు ఎంతోమంది తీసుకెళ్లారట. అక్కడే యూరియా కోసం నిలబడ్డ రైతు ఒకాయన, తన బంతి తోటకు అదే మందు కొట్టానని, పూలు బంగారంలా ఉన్నాయని ఫోన్‌లో ఫోటో చూపించాడు. శ్రవణ్ ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, తిరిగిచ్చాడు. మందు మంచిదే. అంటే తప్పు కొట్టిన చేతిదే.

తిరుగు ప్రయాణంలో అతను జోకులు వేయలేదు. వాన ఆగింది. మొయినాబాద్ దగ్గర పడుతుండగా ఎస్తేర్‌కి తెలియకుండానే కళ్లు మూతపడ్డాయి. నుదురు అతని తడి చొక్కాకి ఆనింది. మెలకువ వచ్చేసరికి బండి రోడ్డు పక్కన ఆగి ఉంది. అతను హ్యాండిల్ పట్టుకుని, కదిలితే ఏమవుతుందోనన్నట్టు బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"ఎంతసేపైంది సార్?"

"ఇప్పుడే ఆపిన," అన్నాడు. చొక్కా మాత్రం ఎప్పుడో ఆరిపోయింది.

గేటు వైపు రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. బండి నెట్టుకుంటూ తాను అటు నుంచి వస్తానని, ఆమెను మామూలు బాటలో నడవమని చెప్పాడు. వెళ్లబోతూ ఆగాడు.

"ఎవరు చేసినా సరే, బాపు ముంగట నిలబెడత. వదిలిపెట్ట. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఎస్తేర్ రోజూ తల దించుకుని, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని ఆ బాటలో నడుస్తుంది. ఇవాళ ఆ చిన్న కునుకు వల్లనేమో, తల ఎత్తి చూసింది.

చూసి, నిలబడిపోయింది.

బాటకు రెండు పక్కలా వయ్యారిభామ మొక్కలు మెలి తిరిగి ఉన్నాయి. కాడలు కొక్కేల్లా వంగాయి. ఆకులు చాపల్లా చుట్టుకున్నాయి. పొద్దున షెడ్డులో చూసిన చావు ఇక్కడ అచ్చు అలాగే ఉంది.

గడ్డి మందు.

ప్లాట్ల వాళ్లు కొట్టించి ఉంటే ప్లాట్లన్నీ చచ్చేవి. చెయ్యి చాపితే అందేంత దూరం దాటాక మొక్కలు తెల్లటి పూలతో హాయిగా ఊగుతున్నాయి. చచ్చింది బాట అంచు మాత్రమే, మనిషికి తగిలే మేరకు. ఈ బాటలో నడిచే మనిషి ఆమె ఒక్కతే.

తోటలో పంపులు రెండు. నీలం పంపు గడ్డి మందుకు, పసుపు పంపు పూలకు. నీలం దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చి మూలన పడింది. ఎవరో పసుపు పంపుతోనే ఇక్కడ గడ్డి మందు కొట్టి, సరిగ్గా కడగకుండా దాని చోట పెట్టేశారు. సోమవారం ఎస్తేర్ అదే పంపులో పురుగు మందు కలుపుకుంది. గడ్డి మందు వాసన ఘాటైనది, మూత తీయగానే తెలియాలి. కానీ ఆ రోజు ఆమెకు ముక్కు లేదు.

ఎవరో అని అనుకుందే గానీ, ఎవరో ఆమెకు అప్పటికే తెలుసు. శనివారం ఇంటికి వెళ్తుంటే వరసగా తుమ్ములు. అతను గేటు దగ్గర నిలబడి నవ్వాడు. "సోమవారం సంది నీ తుమ్ములకు సెలవు," అన్నాడు. ఏవో గోలీలు తెస్తాడనుకుని, తనకు మందులు పడవని చెప్పి బస్సుకు పరుగెత్తింది. ఆదివారం ఆమె చర్చిలో ఉంది. పనివాళ్లకూ సెలవు. పంపు వీపున వేసుకుని ఎండలో ఈ బాటంతా అతనొక్కడే నడిచి ఉంటాడు. తర్వాత ఒకసారి నీళ్లు పోసి ఊపి, శుభ్రంగా కడిగానని నమ్మి ఉంటాడు. ఆ నమ్మకంతోనే పొద్దుటి నుంచి ఊరంతా దొంగను వెతుకుతున్నాడు.

ఎస్తేర్ ప్లాటు రాయి మీద కూలబడింది. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఆమె కోసం ఇంతవరకు ఎవరూ ఒక బాటను శుభ్రం చేయలేదు. చేసిన ఒక్కడూ ఆమెనే ముంచాడు.

పేరు చెబితే ఆమె సంతకం ఆమెకొస్తుంది. కానీ రేపే జనార్దన్ షెడ్లు పీకించి భూమి రిసార్టుకు ఇచ్చేస్తాడు. చెప్పకపోతే ఒక ఏడాది. ఇప్పటికే ఇంత అలసిపోయింది, ఇంకో ఏడాది అలసట కొత్తగా ఏం చేస్తుందిలే అనుకుంది. అనుకున్నాక ఏడుపొచ్చింది. లేచి, మెలి తిరిగిన మొక్క ఒకటి పీకి చేతిలో పట్టుకుంది. ఎందుకు పీకిందో ఆమెకే తెలియదు.

వాకిట్లోకి వచ్చేసరికి అంతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. సోమవారం పంపులో నీళ్లు పోసింది అంతమ్మే కదా అని ఎవరో అన్నారట. అయితే రేపటి నుంచి పనికి రావొద్దని జనార్దన్ చెప్పేశాడు. శ్రవణ్ తండ్రితో వాదిస్తున్నాడు.

"సరే బాపు, ఎవరో ఒకరు చేసిండ్రు. కని ఈమె కాదు."

"మరెవరు? పొద్దట్నుంచి తిరిగినవు గదా, చెప్పు."

ఎస్తేర్ తన ఏడాదిని వదులుకోగలదు. అంతమ్మ కూలిని వదులుకోమనడానికి ఆమెకు హక్కు లేదు. వెళ్లి, చేతిలోని మొక్కను బల్ల మీదున్న జర్బెరా కాడ పక్కన పెట్టింది.

జనార్దన్ వంగి చూశాడు. వేలితో రెండు కాడలూ తాకాడు. ఒకప్పుడు పత్తి వేసిన మనిషి. ముఖం మారిపోయింది.

"గడ్డి మందు కొట్టిన పంపు. మంచిగ కడగకుంట మళ్ల వాడితే గిట్లనే అయితది. నా పత్తి ఒకపారి గిట్లనే పోయింది." తలెత్తాడు. "ఇది ఎక్కడిది?"

"ప్లాట్ల నడుమ బాట మీదిది సార్. రెండు పక్కల కొట్టిండ్రు."

"ఆ బాటల ఎవరు నడుస్తరు?"

జవాబు గడప దగ్గర నుంచి వచ్చింది. అక్కడ నిలబడి ఉన్నది శ్రవణ్ తల్లి శకుంతలమ్మ.

"ఈ పిల్లొక్కతే నడుస్తది. ఆ గడ్డికి ఈమెకు తుమ్ములొస్తయి. ఈమె తుమ్మితే ఎవరికి బాధైతదో మరి."

అంటూ కొడుకు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

శ్రవణ్ బల్ల మీది మొక్కను చూశాడు. గోడకు ఆనించిన పసుపు పంపును చూశాడు. చివరికి ఎస్తేర్‌ని చూశాడు. పొద్దుటి నుంచి వెతుకుతున్న మనిషి అతనికి దొరికాడు. నోరు తెరిచాడు.

"నువ్వాగు," అన్నాడు జనార్దన్. "నీ దర్యాప్తు చాలు. ఈమె మీద నింద పడ్డది, ఈమెనే చెప్తది."

"ముందుగాల కూసోనియ్యుండ్రి. ఎట్ల ఒరిగిపోయింది సూడుండ్రి పిల్ల," అంటూ శకుంతలమ్మ ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసింది. పనికొచ్చినవాళ్లు అరుగు మీదే కూర్చునే వాకిలి అది. ఇంట్లోంచి వాళ్లకు కుర్చీ రావడం ఎవరూ చూడలేదు. ఎస్తేర్ కూర్చుంది.

"ఎవరు బిడ్డా?" అన్నాడు జనార్దన్.

"సార్..."

"నన్ను పిలుసుడు కాదు. ఎవరు?"

"అదే చెప్తున్న సార్. సారే."

"ఏ సారు?"

అంతమ్మ ఏడుపు ఆపింది. శ్రవణ్ రెండడుగులు ముందుకొచ్చి ఆమె కుర్చీ పక్కన, తండ్రికి ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పు," అన్నాడు మెల్లగా. "ఇన్ని దినాల సంది అడుగుతున్న. ఇగ సార్ అనకు. పేరు పెట్టి చెప్పు."

ఎస్తేర్ తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"శ్రవణ్," అంది.