కల్యాణి చెప్పని మాట

ఆ ఉదయం కూడా కల్యాణి పురిటి గది గడప దగ్గరే కూర్చుంది. లోపల మంచం మీద భారతి పిల్లాడికి పాలిస్తోంది. పురిటి స్నానం అయ్యేదాకా ఆ గదిలోకి తను తప్ప ఇంట్లో ఎవరూ వెళ్ళకూడదని, తల్లినిగానీ బిడ్డనిగానీ ముట్టుకుంటే కట్టుబట్టలతో నీళ్ళు పోసుకోవాలని అత్తగారు సుబ్బరత్నమ్మ కట్టడి. ఐదేళ్ళ పిల్లకి ఆ మైల సంగతులు ఏం తెలుస్తాయి? మొన్నటిదాకా పక్కలో పడుకోబెట్టుకున్న అమ్మ ఇప్పుడు దగ్గరికి రావద్దంటోంది. తమ్ముణ్ణి మాత్రం ఒళ్ళోంచి దించడం లేదు. దానికి తెలిసింది అంతే.

“అమ్మా, ఇవాళ ముట్టుకోవచ్చా?”

“ఇంకా లేదమ్మా.”

“వాడు ముట్టుకుంటున్నాడుగా!”

భారతికి నవ్వొచ్చింది. “వాడు చంటివాడే. నువ్వు పెద్దదానివి అయ్యావు కదూ.”

“నేనేం అవ్వలేదు. మీరే అంటున్నారు.”

నూజివీడులో అది సీజను. మామిడి వ్యాపారం చేసే ఇంట్లో ఎవరికీ ఊపిరి సలపని రోజులు. భారతి భర్త తిరుపతిరావు తెల్లవారకముందే లారీలకి సరుకు ఎక్కించడానికి వెళ్ళిపోయాడు. ఇంట్లో ముందు గది నిండా వరిగడ్డి, గడ్డిలో మాగేసిన చిన్న రసాలు. వాసన పురిటి గది దాకా వచ్చేది. భారతికి మాత్రం వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. బాలింత మామిడిపండు తింటే పాలు తాగే బిడ్డకి విరేచనాలు పట్టుకుంటాయని ఆ ఇంట్లో నమ్మకం.

కల్యాణి వెనక్కి తిరిగి చూసింది. నానమ్మ పెరట్లో నీళ్ళ కాగు దగ్గరుంది. గౌను మడతల్లోంచి ఒక పండు తీసి చూపించింది.

“మెత్తగా పిసికాను. నీకే. తమ్ముడిక్కాదు.”

“వద్దే! నానమ్మ చూస్తే ఇంకేమైనా ఉందా?”

“నేను చెప్పనుగా.”

అనడమే తరువాయి, గడప దాటేసి మంచం ఎక్కేసింది. భారతి దించలేదు. పండు మీద ఆశో, పిల్ల మీద ఆశో ఆమెకే తెలియలేదు. ఒక చేత్తో కూతుర్ని దగ్గరికి తీసుకుని, తొడిమ దగ్గర కొరికి, గబగబా జుర్రుకుంది. టెంక మంచం కిందికి జారవిడిచింది. ఆ పెదాలతోనే ఇద్దరు పిల్లల్నీ ముద్దు పెట్టుకుంది.

“ఎవ్వరికీ చెప్పకేం? నా తల్లివి కదూ.”

తల్లి అరచేతిలో చెయ్యి వేసి కల్యాణి ఒట్టు పెట్టింది.

మధ్యాహ్నానికి పిల్లాడు పాలు కక్కాడు. విరేచనాలు మొదలయ్యాయి. కాంపౌండరు వచ్చి చూసి, “ఎండలు కదండీ, కంగారేం లేదు,” అని చుక్కల మందిచ్చి వెళ్ళాడు. కానీ పొత్తిగుడ్డ మార్చబోయిన సుబ్బరత్నమ్మకి పిల్లాడి చెంప మీద ఎండిన రసం కనిపించింది. వంగి చూస్తే మంచం కింద టెంక. గడప అవతల రసం మరకల గౌనుతో కల్యాణి.

“ఓసి నీ దుంపతెగ! పసిగుడ్డు నోట్లో పండు పిండావటే? తమ్ముడంటే అంత కుళ్ళా నీకు?”

అప్పుడే భోజనానికి వచ్చిన తిరుపతిరావు చెప్పులు కూడా విప్పకుండా వచ్చి నిలబడ్డాడు.

“నిజం చెప్పు. పండు నువ్వే తెచ్చావా?”

అవునని తలూపింది.

“వాడి నోట్లో పెట్టావా?”

దానికి మాత్రం కల్యాణి ఊ అనలేదు, ఉహూ అనలేదు. తిరుపతిరావు చెయ్యి చెంప మీద పడింది. పిల్ల ఏడవలేదు. ఒక్కసారి తల్లి వంక చూసింది.

భారతి తలదించుకుని పిల్లాడి గుడ్డ సర్దసాగింది.

“దీన్ని రేపు చింతలపూడి పంపించెయ్‌రా, మీ అక్క పుష్పావతి దగ్గరికి,” అంది సుబ్బరత్నమ్మ. “వీడు కాస్త ఒళ్ళు చేసేదాకా అక్కడే ఉంటుంది. ఇద్దర్నీ ఒక ఇంట్లో పెట్టి నేను కాపలా కాయలేను.”

అత్తగారి నోటికి భయపడింది భారతి. పథ్యం తప్పి కొడుకు మీదికి తెచ్చిందనే మాట జీవితాంతం పడాలని భయపడింది. భర్త ఒంటరిగా కనిపిస్తే చెప్పాలనుకుంది. గుమ్మం దగ్గరికి ఆయన వచ్చాడు, పిల్లాడికి ఎలా ఉందని అడిగాడు, వెళ్ళాడు. పండు మాట ఆమె ఎత్తలేదు.

మర్నాటికి పిల్లాడికి తగ్గింది. గుమాస్తా రాఘవయ్య చేతిసంచీతో అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు.

“బస్సు టైమవుతోందండీ. పాపగార్ని పంపితే...”

రెండు జడలు వేయించుకున్న కల్యాణి గడప దగ్గరికి వచ్చింది. కమిలిన చెంప ఇంకా ఎర్రగానే ఉంది. గుసగుసగా అంది:

“అమ్మా, చెప్పలేదు. అక్కడ అత్తయ్య అడిగినా చెప్పను.”

ఆ మొహంలో కోపం లేదు. అమ్మ చెప్పిన పని చేశానన్న గర్వం ఉంది. భారతి ఇక కూర్చోలేకపోయింది. మంచం దిగి గడప దాటి హాల్లోకి వచ్చేసింది.

“మైల! మైల!” అని అరిచింది సుబ్బరత్నమ్మ. “మతి పోయిందా నీకు?”

“పండు నేను తిన్నాను అత్తయ్యా. అది నా కోసం తెచ్చింది. పిల్లాణ్ణి ముద్దు పెట్టుకున్నదీ నేనే. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నా కళ్ళెదుటే కొట్టారు, చూస్తూ ఊరుకున్నాను.”

రాఘవయ్య మొహం వీధివైపు తిప్పుకున్నాడు.

“ఆ మాట నిన్ననే అంటే నేనేమన్నా నిన్ను మింగేస్తానా?” అంది సుబ్బరత్నమ్మ.

“మింగేస్తారనే అనుకున్నాను. అందుకే దాన్ని ముందుకి తోశాను.”

పెద్దావిడ బల్ల మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తిరుపతిరావు కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. చెంప తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నొప్పిగా ఉందా అమ్మా?”

“నిన్న ఉంది.” కల్యాణి ఆయన భుజం మీదుగా నానమ్మ వంక కంగారుగా చూసింది. “నేను చెప్పలేదు నానమ్మా. అమ్మే చెప్పేసింది.”

“తెలుసే నా తల్లీ,” అంది సుబ్బరత్నమ్మ. “నీళ్ళు తర్వాత పోస్తాలే. వెళ్ళు, అమ్మ దగ్గరికి వెళ్ళు.”

రాఘవయ్య సంచీ లోపల పెట్టేసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు. భారతి గోడకి ఆనుకుని నేల మీదే చతికిలబడింది. కల్యాణి వచ్చి ఒళ్ళో నిండా కూర్చుంది. భారతి ఆ కళ్ళలోకి చూడలేక, కూతురి తల మీద మొహం దాచుకుని ఏడ్చింది.

గదిలో పిల్లాడు క్యారుమన్నాడు. భారతి కదల్లేదు. మళ్ళీ ఏడ్చాడు. కల్యాణి కాసేపు ఆలోచించింది. తర్వాత కాస్త జరిగి, అమ్మ ఒళ్ళో ఒక పక్క ఖాళీ చేసింది.

“వాణ్ణి తీసుకురా నానమ్మా. ఇటు చోటుంది.”