తువ్వాలు కింది మాట

తువ్వాలు కింద పాపయ్యశెట్టి, తన గేదెను కొనవచ్చిన ఆమె చెయ్యి అందుకుని చూపుడువేలు నొక్కాడు. సంతలో గేదెల బేరం వేళ్ళతోనే. నోటితో అన్నదంతా నడిమధ్య నిలబడ్డ చెవిస్తంభం వింటుంది. వేళ్ళలో ధర తప్ప ఇంకేముంటుందని ఈ పాత ఆచారాన్ని పైవాళ్ళు నిషేధించకుండా వదిలేశారు.

ఆమె ధర నొక్కలేదు. చిటికెనవేలు మడిచి అతని అరచేతి మధ్యలో గుచ్చింది.

శెట్టి గుర్తుపట్టాడు. ఆ నొక్కు తండ్రి నేర్పింది. చాటుదళం. పేరడగకుండా నిన్ను దాచేవాళ్ళు అని అర్థం. ఆ మాటను నిఘంటువుల్లోంచీ గొంతుల్లోంచీ తుడిచేసి ఒక తరం దాటింది. వేళ్ళలో మిగిలింది. ప్రాణం మీదికొస్తే తప్ప వాడకూడదని తండ్రి షరతు.

“ఏం శెట్టీ, బేరమా, పాణిగ్రహణమా?” పక్క పాకలోంచి పిచ్చయ్య ఎగతాళి చేశాడు.

“నీ గేదె కుంటు తగ్గిందేమో చూసుకోవయ్యా ముందు,” అన్నాడు శెట్టి.

స్తంభం ఎర్రకన్ను వాళ్ళవైపు తిరిగింది. “తువ్వాలు గడువు ముగిసింది. కొనేవారు ధర పలకాలి.”

ఆమె పెదవులు బిగించింది. శెట్టికి అర్థమైంది. స్తంభం వెతుకుతున్నది ఆమె గొంతునే. ఒక్క అంకె పలికితే చాలు, సంత కంచె ద్వారం మూసుకుంటుంది. పైవాళ్ళు పట్టుకుపోయిన మనిషి తిరిగొచ్చినా గొంతుతో రాడు.

అతను లెక్క వేశాడు. అది తప్ప మరో విద్య రాదు. ఊరుకుంటే తనకు నష్టం లేదు. పాక ఉంటుంది, గేదెలుంటాయి, గొంతుంటుంది. అటువైపు తక్కెడలో వేయడానికి ఆమె చిటికెనవేలు తప్ప ఏమీ లేదు. అది ఇంకా అతని అరచేతిలో గుచ్చుకునే ఉంది.

“రెండోసారి. కొనేవారు...”

శెట్టి తువ్వాలు లాగి భుజాన వేసుకుని స్తంభానికి ఎదురు నడిచాడు.

“చాటుదళం!” అన్నాడు. ఎన్నడూ పలకని మాట, నాలుక తడబడింది. మళ్ళీ గట్టిగా అరిచాడు. “చాటుదళం!”

ఎర్రకన్ను అతని మీదికి తిరిగింది. ద్వారాన్ని కాసే కన్ను కూడా అదే కాబట్టి, అది అతని మీద నిలిచిపోగానే ద్వారం మీది కాపలా వెలుగు ఆరింది. ఆమె శెట్టి గేదె పలుపు పట్టుకుని, పరిగెత్తకుండా, దాటిపోయింది.

“పలికినవారు కదలరాదు,” అంది స్తంభం. ఇనుప అడుగులు దగ్గరవుతున్నాయి.

“చాటుదళం,” అని వెనకనుంచి ఎవరో పీలగా అన్నారు. పిచ్చయ్య.

ఎర్రకన్ను ఇద్దరి మధ్యా ఆగిపోయింది.