సవతి గులాబీ

మేడ మీద కుండీ మళ్లీ మూలిగింది. అన్నం ముందు కూర్చున్న వన్నూరప్ప కలిపిన ముద్ద వదిలేసి, చెంబు పట్టుకుని మెట్లెక్కాడు.

“తినేది తిని పోరాదా?” అని అరిచింది భార్య సుంకులమ్మ.

“పాపం, దాహమేసినట్టుంది” అన్నాడాయన పైనుంచి.

ఇన్నేళ్ల కాపురంలో ఆ ‘పాపం’ అనే మాట తనకోసం ఎప్పుడైనా ఆయన నోట వచ్చిందా అని వెతుక్కుంది సుంకులమ్మ. దొరకలేదు.

అనంతపురంలో వానలు మొహం చాటేసి, ఇంటింటికీ నీళ్లు మీటరుతో కొలిచి ఇస్తున్న కాలమది. ఊళ్లో పచ్చదనం కనబడక జనం దిగులుపడుతుంటే, ఒక పరిశోధన కేంద్రం వాళ్లు కరువును తట్టుకునే పూలమొక్కను మేడలకు పంచారు. పేరు అడీనియం, మనవాళ్లు ఎడారి గులాబీ అంటారు. దాంతోపాటు ‘దాహవాణి’ అనే యంత్రం కూడా ఇచ్చారు. నీరు తగ్గితే మొక్కలోని సన్నని గొట్టాల్లో బుడగలు చిట్లుతాయి. ఆ చిటపటలు మన చెవికి అందవు. మొక్కకు తగిలించిన సెన్సర్ వాటిని పట్టి, మూలుగులాగా మార్చి స్పీకర్‌లో వినిపిస్తుంది.

మూలిగినప్పుడల్లా వన్నూరప్ప నీళ్లు పోశాడు. తన వంతు చాలకపోతే భార్య వంతు కూడా పోశాడు. సుంకులమ్మ జ్వరంతో పడుకున్న రోజున కూడా ఆమె మంచం పక్కనున్న చెంబే మేడెక్కింది.

జ్వరం తగ్గాక ఆమె పైకి వెళ్లి ఆ మొక్కను తేరిపార చూసింది. పొట్టి కాండం, మొదలు దగ్గర ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. “నా నీళ్లు తాగి ఎంత ఒళ్లు చేసినావే!” అంది. ఒళ్లు మండిపోయి, స్పీకర్ తీగ పీకేసింది.

కుండీ నోరు మూతపడింది. “దీనికిప్పుడు కడుపు నిండింది” అని వన్నూరప్ప నిశ్చింతగా మేడెక్కడం మానేశాడు. సుంకులమ్మ మాత్రం అది చస్తోందా లేదా అని రోజూ వెళ్లి చూసేది. ఆకులు పసుపెక్కి రాలుతుంటే ఆమె మనసు చల్లబడింది. వారాలు గడిచాయి. ఒక పొద్దున చూస్తే, ఆకు లేని కొమ్మల నిండా ముదురు గులాబీ రంగు పూలు! వాటిని చూసేందుకు వీధి వీధంతా మేడెక్కింది. సుంకులమ్మ గుండెలో నిప్పులు పోసినట్టయింది.

దాహవాణిని తయారుచేసిన డాక్టర్ ఇందుమౌళి ఈ సంగతి తెలిసి చూడటానికి వచ్చింది. కాండాన్ని వేలితో నొక్కి చూసింది.

“ఊరంతా మొక్కలు కుళ్లిపోయాయి. ఇదొక్కటే పూసింది. ఎలా పెంచారు?”

“మీ యంత్రం చెప్పినట్టే, మేడం” అన్నాడు వన్నూరప్ప రొమ్ము విరిచి.

ఆమె తీగ కొస పైకెత్తింది. “మరి దీన్ని పీకిందెవరు?”

“నేనే” అంది సుంకులమ్మ. “చావల్లనే పీకినా.”

డాక్టర్ కుండీ పక్కనే కూలబడింది.

“తప్పు మాదేనమ్మా. యంత్రం చెప్పింది ఆకుల దాహం. ఈ మొక్క నీళ్లన్నీ కాండంలో దాచుకుంటుంది. ఇసుక ఎక్కువ, మట్టి తక్కువ కలపాలి. అడుగున నీరు నిలవకూడదు, రోజంతా ఎండ తగలాలి. కాండం మెత్తబడితేనే నీళ్లు పోయాలి. అందరూ మూలుగు వినలేక, జాలిపడి పోసి చంపేశారు. జాలిపడనిది మీరొక్కరే. మా నర్సరీని మీరు చూసుకుంటారా?”

సుంకులమ్మ కాదనలేదు. మొదట్లో సవతి పిల్లల్ని సాకినట్టే సాకింది. పోనుపోను ఒక్కో కాండాన్నీ నొక్కి చూస్తూ పొద్దు తెలియకుండా అక్కడే ఉండిపోయేది. ఇంట్లో వన్నూరప్ప ఒంటరిగా అన్నం పెట్టుకుని తింటున్నాడు. పూల పేరెత్తితే మొహం మాడ్చుకుంటున్నాడు.

ఒక సాయంత్రం ఆయనే నర్సరీకి వచ్చి డాక్టర్ ముందు నిలబడ్డాడు.

“మేడం, ఆ యంత్రం మనుషులకు తగిలించేది చేయరాదా?”

“ఎవరికండీ?”

“నాకే. ఇంట్లో ఎంత మూలిగినా మా ఆడమనిషికి వినపడదు.”

ఇసుక కలుపుతున్న సుంకులమ్మ తలెత్తలేదు.

“వినపడుతుందిలే. అడిగినప్పుడల్లా పోస్తే కుళ్లిపోతావని ఊరకున్నా” అంది.