పారిపో వాసిం!

వచ్చేశాడు!

స్టేజీ మీద గిటార్ తీగలపై ఫెబా వేళ్లు తడబడతాయి.

గేటు దగ్గర తెల్ల చొక్కా. నల్ల టీషర్టుల గుంపులో ఒకే ఒక్క తెల్ల చొక్కా...

నాగేంద్రబాబు!

నల్లపాడు అవతల మూతపడ్డ పత్తి మిల్లు అది. స్పీకర్ల మోతకు పైన రేకులు దడదడలాడుతున్నాయి. పక్కనున్న కోల్డ్ స్టోరేజీ నుంచి మిర్చి ఘాటు. ముందు వరుస కుర్రాళ్లు దగ్గుతూనే ఎగురుతున్నారు. ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటున్నారు. రాగం లేదు, తాళం లేదు. చెవులు చిల్లులు పడే మోత. బ్యాండ్ పేరే ‘గొడవ’!

ఆమె వెనక డ్రమ్స్ మీద వాసిం. ఒళ్లు మరిచి బాదుతున్నాడు.

హమాలీ పేరయ్యను నాగేంద్రబాబు పొడిచి చంపుతుంటే చూసింది వాసిం ఒక్కడే. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అందాకా దాక్కున్నాడు. ఈ షో కోసమే బయటికొచ్చాడు.

ఆ సంగతి ఫెబాకు తెలుసు.

ఫెబా చెప్పేసింది!

నిన్న వచ్చిన ఫోన్లో నాగేంద్రబాబు గొంతు ఎంత మెత్తగా ఉందో!

“మీ నాన్న జోసఫ్ గారు సైకిల్ మీదే డ్యూటీకి వెళ్తారంట కదమ్మా? ఆ రోడ్డులో లారీలెక్కువ. జాగ్రత్తగా ఉండమను.”

అంతే... వాసిం వచ్చే షో ఎక్కడో చెప్పేసింది. ఇందాక వాసిం తన ప్లేటులో ఆమ్లెట్ తుంచి ఆమె చేతిలో పెట్టాడు. తినలేక, పారేయలేక గుప్పిట్లోనే నలిపేసింది.

తెల్ల చొక్కా కదిలింది. స్టేజీ వైపే!

“ఒరేయ్, వెళ్లిపోరా!”

వాసిం నవ్వుతాడు. ఈ మోతలో ఏం వినపడుతుంది?

ఫెబా మైకు లాక్కుంటుంది.

“వాసిం... పారిపో! నిన్ను చంపడానికొచ్చాడు! పారిపో!”

గుంపు ఊగిపోతుంది. పిడికిళ్లు పైకి లేస్తాయి.

“పారిపో! పారిపో!”

పాటనుకున్నారు!

వాసిం నవ్వు ఆగింది. వద్దన్నట్టు తల ఊపుతాడు. వాయించమని సైగ చేస్తాడు.

వీడికి పిచ్చా?

నాగేంద్రబాబు చెయ్యి చొక్కా కిందికి పోతోంది... నల్లగా ఏదో!

ఫెబా దూకుతుంది. గోడకున్న మెయిన్ స్విచ్ లాగేస్తుంది.

చీకటి!

మోత ఆగినా చెవుల్లో హోరు ఆగలేదు. తడుముకుంటూ వెళ్లి వాసిం చెయ్యి దొరకబుచ్చుకుంది. లాక్కుపోతోంది. వెనక తలుపు... ఖాళీ గోనె సంచులు... పడుతూ, లేస్తూ... మిల్లు వెనక గోడ చాటుకు!

లోపలి నుంచి ఎవరివో కేకలు. “లైట్లు! ముందు లైట్లు వేయండి! ఎటు పోయాడు?”

“నేనే చెప్పాన్రా...” ఫెబా వెక్కుతోంది. “నాన్నని చంపేస్తాడని... నేనే చెప్పేశా!”

“తెలుసే.”

“ఏంటి?”

“పొద్దున ఫోన్ చేసి షో మానేద్దామని ఏడ్చావుగా. అప్పుడే అర్థమైంది. ఎస్సై గారికి చెప్పా. మీ నాన్న దగ్గర కూడా మనిషిని పెట్టారు.”

“మరి ఇక్కడికెందుకొచ్చావురా!”

“వాడు గన్ తియ్యగానే పట్టుకుందామన్నారు. ముందు వరుసలో ఎగిరినోళ్లలో సగం మంది పోలీసులే.” వాసిం ఆయాసపడుతున్నాడు. “వాయించమని సైగ చేశా కదే... లైట్లెందుకు తీశావ్?”

ఫెబా మిల్లు వైపు తిరిగి చూస్తుంది.

పోలీసులంతా లోపలే ఉన్నారు. చీకట్లో.

గోడకు అటువైపు చెప్పుల చప్పుడు. తొందర లేని నడక. మలుపు దగ్గర తెల్లగా ఏదో కదిలింది...

ఆమె వాసింకు అడ్డంగా జరుగుతుంది.

వాసిం ఆమెను పక్కకు తోసేస్తాడు.

ఢాం!

ఆమె పట్టుకున్న చెయ్యి బరువెక్కింది.